ఫోనులో నడిచే పనులు: ఆపవలసినవి, ఆపరానివి

(బళేపేటలో మన సంఘము జరిపిన ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో అందరము విన్నాము. ఇక మన చేతిలోని ఫోనుకు గల ఆదాయ వ్యయములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. మేము ఇంజనీర్లము కాము. పదవ తరగతి ప్యాసై రైల్వేలో గుమాస్తా పనిలో కుదిరినవారము. అయినను టిక్కెట్టు కిటికీ వెనుక కూర్చుండువానికి దినమునకు ఎన్నో చేతులు, ఎన్నో ఫోనులు కంటబడును. ఇంటివద్ద చుట్టుపక్కలవారు కూడ, "అన్నా, నువ్వు రైల్వేలో కంప్యూటరు ముందర కూర్చుంటావు కదా, ఈ ఫోను ఎందుకిట్ల నిలబడిపోతాంది, కొంచెం చూడు" అని తెచ్చి ఇత్తురు. ఆ విధముగా చూచినది, చదివినది, తెలిసినవారిని అడిగి తెలిసికొన్నది మీ ముందు పెట్టుచున్నాము.

బళేపేటలో ఏ అంగడి ముందు నిలిచినను ఒక సంగతి చూడవచ్చును. వర్తకుడు గిరాకీకి బిల్లు వ్రాసి, డబ్బు ఫోనులో పడినదని చూచుకొని, వెంటనే బొటనవ్రేలితో యాపులన్నింటిని ఒక్కొక్కటిగా పైకి తోసివేయును. మన ఇండ్లలోను ఇదే ఆచారము. రాత్రి వంటగది కడిగి, దీపము ఆర్పి, తలుపు గడియ వేసి, చివరకు ఫోనులోని యాపులన్నింటిని ఊడ్చివేసి పండుకొనుట. ఊడ్చుట మంచి అలవాటే. ఇల్లు ఊడ్చిన శుభ్రమగును. కాని ఫోనులో మనము ఊడ్చునది చెత్త కాదు. ఈ మాట చెప్పుటకే మేము వచ్చినాము.

చెప్పదలచినదంతయు ముందే మూడు ముక్కలలో చెప్పివేయుదుము. ఒకటి: యాపులను ప్రతిసారి తోసివేయుట వల్ల చార్జి మిగులదు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఖర్చగును. రెండు: కొన్ని యాపులను బలవంతముగా ఆపుట వల్ల మనకు రావలసిన కబురు రాకుండ పోవును. మూడు: నిజముగా ఆపవలసినవి వేరే ఉన్నవి, అవి ఆ తోసివేయు వరుసలో చాలవరకు కనబడవు. ఇక వివరములు.

ఫోను ఎట్లు పనిచేయునో తెలియుటకు మా ఆఫీసును చూడుడు. గుమాస్తా ముందు ఒక బల్ల ఉండును. వెనుక రికార్డు గది ఉండును. ఫైళ్ళన్నియు రికార్డు గదిలో ఉండును. పని వచ్చినప్పుడు కావలసిన ఫైలును తెచ్చి బల్లమీద పెట్టుకొందుము. ఫోనులోను ఇదే ఏర్పాటు. 64 జీబీ, 128 జీబీ అని చెప్పునది రికార్డు గది. 4 జీబీ, 6 జీబీ ర్యామ్ అని చెప్పునది బల్ల. మీరు ఒక యాపును నొక్కినప్పుడు అది రికార్డు గది నుండి బల్లమీదికి వచ్చును. మీరు వేరొక యాపునకు పోయినప్పుడు మొదటిది బల్లమీదనే ఒక మూల మడిచి పెట్టబడును. అది అక్కడ ఉన్నదే గాని పని చేయుట లేదు. మడిచి పెట్టిన ఫైలు జీతము అడుగునా? బల్ల నిండుగా ఉన్నను, ఖాళీగా ఉన్నను, ర్యామ్ త్రాగు కరెంటు ఇంచుమించు ఒక్కటే. కనుక బల్ల ఖాళీ చేసినంత మాత్రమున చార్జి మిగులదు.

"అట్లయిన చదరపు నొక్కు నొక్కగానే చీట్లవలె వరుసగా కనబడునవి ఏమిటి?" అని మీరడుగవచ్చును. అది నడుచుచున్న యాపుల జాబితా అని మనలో చాలమంది అనుకొందురు. కాదు. అది మీరు ఇటీవల తెరచిన యాపుల జాబితా మాత్రమే. రైలు వెళ్ళిపోయిన తరువాత కూడ దాని పేరు రిజిస్టరులో ఉండును గదా! దీనికి ఋజువు మీరే చూచుకొనవచ్చును. ఫోనును పూర్తిగా ఆపి మరల వెలిగించి, ఏ యాపును తెరువకుండ ఆ వరుసను చూడుడు. చాల ఫోనులలో నిన్నటి చీట్లు అట్లే ఉండును. ఫోను ఆరి వెలిగినది. నిన్న తెరచినది అట్లే నడుచుచుండుటకు వీలు లేదు. అయినను చీటీ ఉన్నది. కాబట్టి చీటీ వేరు, నడక వేరు.

ఇక తోసివేయుట వల్ల నష్టమెట్లు కలుగును? ఆవిరి ఇంజనుల కాలమును మేము ఎరుగము. దేశములో బ్రాడ్ గేజి మార్గముపై ఆవిరి ఇంజనుల సేవ 1995లోనే ముగిసినది. కాని మా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలు చెప్పగా విన్నాము. చల్లారిన ఇంజనుకు నిప్పు పెట్టి, నీరు కాచి, ఆవిరి పట్టించి బయలుదేరదీయుటకు గంటలు పట్టెడిదట. అందుచేత సాయంత్రము మరల కావలసిన ఇంజనును మధ్యాహ్నము చల్లారనీయక, నిప్పును బొగ్గుతో కప్పి అణచి ఉంచెడివారట. ఆ అణచిన నిప్పునకు అయ్యే బొగ్గు కొంచెము. క్రొత్తగా రాజబెట్టుటకు అయ్యేది చాల ఎక్కువ. యాపు సంగతియు అంతే. తోసివేసిన యాపును మరల తెరచినప్పుడు దానిని రికార్డు గది నుండి మొదటినుండి తీయవలెను, విప్పవలెను, అది తన కంపెనీ యంత్రములతో మరల మాట్లాడవలెను. ఇందులో ఫోను మెదడు గట్టిగా పని చేయును, చార్జి ఖర్చగును. దినమునకు ముప్పది సార్లు వాట్సాప్ చూచువారు ముప్పది సార్లు దానిని తోసివేసిన, ముప్పది సార్లు ఇంజను రాజబెట్టినట్లే.

మన పేటలోని పట్టుచీరల వర్తకులకు ఇది ఇంకను సులభముగా బోధపడును. గిరాకీ కూర్చున్నప్పుడు పది చీరలు పరుప మీద విప్పి వేయుదురు. ఒక్కొక్క చీర చూపినంతనే మడిచి బీరువాలో పెట్టి తాళము వేసి, మరల అదే చూపుమనగానే తాళము తీసినచో బేరము సాగునా? పరుప నిండినప్పుడు అడుగున పడి ఎవరును చూడని చీరను కుర్రవాడు మెల్లగా తీసి మడిచి లోపల పెట్టును. యజమాని చెప్పనక్కరలేదు.

ఆ కుర్రవాని వంటివాడొకడు ఫోనులోనే ఉన్నాడు. ఇది ముఖ్యమైన సంగతి. మన దేశములో ఎక్కువమంది చేతులలో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోనులు. మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. దాని ర్యామ్ కేవలము 192 ఎంబీ. నేటి 4 జీబీ ఫోనులో అంతకు ఇరువది రెట్లకు పైగా ఉన్నది. అంత చిన్న బల్లతో పని జరుపవలసి వచ్చుట వల్లనే, దానిని కట్టినవారు మొదటినుండియు ఒక నియమము పెట్టినారు: యాపులను మూయు బాధ్యత మనిషిది కాదు, ఫోనుది. ఆండ్రాయిడ్ నిర్మాతలలో ఒకరైన డయాన్ హాక్‌బార్న్ గారు 2010 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటును వివరముగా వ్రాసినారు. మనిషి యాపును విడిచి పోయినను దానిని వెంటనే చంపక ఉంచుట, జాగా కావలసినప్పుడు మాత్రము తీసివేయుట అనునదే దాని సారాంశము.

తీసివేయుటలో వరుస యున్నది. మా కంట్రోలు ఆఫీసులో బండ్లకు తరగతులున్నట్లే యాపులకును తరగతులున్నవి. మొదటి తరగతి, మీ కంటి ఎదుట తెరచి ఉన్నది. రెండవది, ఎదుట లేకున్నను మీకు తెలియునట్లు పని చేయుచున్నది. పాట పాడునది, దారి చూపునది ఇట్టివి. మూడవది, వెనుక ఏదో చిన్న పని ముగించుకొనుచున్నది. నాల్గవది, ఏ పనియు లేక మడిచి పెట్టబడినది. జాగా చాలనప్పుడు ఫోను నాల్గవ తరగతిలో చేయి పెట్టి, అందులోను చాలకాలముగా మీరు ముట్టని దానిని ముందు తీసివేయును. మెయిలు బండికి దారి ఇచ్చుటకు గూడ్సును లూపు లైనులో పెట్టుటయే గాని, గూడ్సునకు దారి ఇచ్చుటకు మెయిలును ఆపుట ఉండదు. ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోనులలో నాల్గవ తరగతి వానిని గడ్డకట్టించినట్లు కదలనీయకుండ ఉంచు ఏర్పాటు కూడ వచ్చినది. అవి బల్లమీద ఉండును గాని ఫోను మెదడును ముట్టలేవు.

ఐఫోనులోను పద్ధతి ఇంచుమించు ఇదే. 2010 జూన్‌లో వచ్చిన నాల్గవ ఐఓఎస్‌తో దానిలో యాపులను విడిచి పోయి మరల వచ్చు సౌకర్యము కలిగినది. విడిచిన యాపును ఐఫోను కొద్ది సేపటిలోనే నిద్రపుచ్చును. 2016 మార్చిలో ఒక వినియోగదారుడు, మీరు యాపులను తోసివేయుదురా, చార్జి నిలుచుటకు అది అవసరమా అని ఆపిల్ కంపెనీకి వ్రాసినాడు. అచ్చట సాఫ్ట్‌వేరు విభాగమునకు పెద్దయైన క్రెయిగ్ ఫెడరిఘి గారు రెండు ప్రశ్నలకును లేదు, కాదు అని జవాబిచ్చినారు. అప్పటి ఆండ్రాయిడ్ పెద్దలలో ఒకరైన హిరోషి లాక్‌హైమర్ గారును ఆ దినములలోనే, తోసివేయుట వల్ల చార్జి కొంచెము తరుగవచ్చునే గాని పెరుగదను అభిప్రాయము తెలిపినారు. యాపు నిలిచిపోయి పలుకనప్పుడు మాత్రమే మూయుడని ఆపిల్ కంపెనీవారు తమ వినియోగదారులకు చెప్పుచున్నారు. రెండు పోటీ కంపెనీలవారు ఒకే మాట చెప్పుట అరుదు. చెప్పినప్పుడు వినుట మంచిది.

"అయ్యా, మరి మా చార్జి సాయంత్రమునకే ఎట్లు పోవుచున్నది?" అని అడుగుదురు. అన్నింటికన్న ఎక్కువ త్రాగునది ఎదుట వెలుగు తెర. వెలుతురు నిండుగా పెట్టి రెండు గంటలు వీడియో చూచినచో ఏ యాపును తోసివేసినను ప్రయోజనము లేదు. రెండవది సిగ్నలు. టవరు దూరమైన కొలది ఫోను గొంతు పెంచి అరువవలసి వచ్చును. బెంగళూరు నుండి ధర్మవరము, గుంతకల్లు వైపు రైలులో పోవునప్పుడు ఫోను వేడెక్కుటకు ఒక కారణమిదే. టవరు వచ్చును, పోవును, ఫోను వెదకుచునే ఉండును. మూడవది, మనము ఎక్కడ ఉన్నామో ఎడతెగక చూచుచుండు యాపులు. నాల్గవది, ముసలిదైన బ్యాటరీ. మనుష్యులవలెనే దానికిని వయసు ఉన్నది.

మడిచి పెట్టిన యాపులు రాత్రివేళ దొంగతనముగా చార్జి తినకుండ కాపలాయు క్రమముగా గట్టిపడినది. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్‌లో డోజ్ అను ఏర్పాటు వచ్చినది. ఫోను చార్జరులో లేక, తెర ఆరి, కదలక పడి యున్నప్పుడు అది యాపులన్నింటిని నిద్రపుచ్చి, అప్పుడప్పుడు మాత్రము కొద్ది నిమిషములు లేచి పనులు చూచుకొననిచ్చును. పల్లె స్టేషనులో రాత్రి చూడుడు. దీపము తగ్గించి అందరు కునికిపాట్లు పడుచుందురు. పక్క స్టేషను నుండి గంట వచ్చినంతనే స్టేషను మాష్టరు లేచును. అట్లే తొందర కబురు వచ్చినప్పుడు డోజ్ నిద్రలోనుండియు ఫోను లేచును. 2017లో వచ్చిన ఎనిమిదవ ఆండ్రాయిడ్, మీకు తెలియకుండ వెనుక నడుచు యాపులకు హద్దు పెట్టినది. 2018లో వచ్చిన తొమ్మిదవది, యాపులను మీరు ఎంత తరచుగా వాడుదురో చూచి తరగతులుగా విభజించి, అరుదుగా వాడువానికి అరుదుగానే పని చేయుటకు అనుమతి ఇచ్చునట్లు చేసినది.

ఇక రెండవ ముక్కకు వచ్చెదము. ఇది చార్జికి సంబంధించినది కాదు, ప్రాణమునకు సంబంధించినది. దయచేసి శ్రద్ధగా వినుడు.

తోసివేయుట ఒకటి, బలవంతముగా ఆపుట వేరొకటి. సెట్టింగ్సులో యాపు పేరు నొక్కినచో ఫోర్స్ స్టాప్ అను నొక్కు కనబడును. అది నొక్కినప్పుడు ఫోను ఆ యాపును ఆపుటయే కాక, "యజమాని స్వయముగా తెరచువరకు దీనిని లేపవలదు" అని వ్రాసిపెట్టుకొనును. ఆ తరువాత ఆ యాపు పెట్టిన అలారము మ్రోగదు. దానికి వచ్చిన సందేశము చప్పుడు చేయదు. ఆ యాపు ద్వారా వచ్చు కాలు మ్రోగదు. ఉత్త తోసివేయుట వల్ల సాధారణముగా ఇంత జరుగదు. యాపు పోయినను కబురు వచ్చినప్పుడు ఫోను దానిని లేపును. కాని చార్జి ఎక్కువ దినములు వచ్చునని చెప్పుకొనుటకై కొన్ని కంపెనీలవారు తమ ఫోనులలో తోసివేయుటనే బలవంతపు నిలుపుదలగా ఏర్పాటు చేసినారు. మన ఫోను ఏ రకముదో పైకి చూచి చెప్పలేము.

మాతో పనిచేయు మిత్రుని ఇంట జరిగిన సంగతి చెప్పెదము. ఆయన తండ్రిగారు అనంతపురము జిల్లాలో ఒక పల్లెలో ఒంటరిగా ఉన్నారు. చక్కెర వ్యాధి. మతిమరుపు వచ్చు వయసు. మాత్రల వేళకు మ్రోగునట్లు మిత్రుడు తండ్రి ఫోనులో ఒక యాపు పెట్టి వచ్చినాడు. దినదినము రాత్రి వాట్సాప్‌లో పిలిచి ముఖము చూచి మాట్లాడెడివాడు. ఆరు నెలలు చక్కగా జరిగినది. అంతలో ఫోను చార్జి నిలుచుట లేదని పెద్దాయన ఒక అంగడికి తీసికొని పోగా అచ్చటి కుర్రవాడు, "తాతా, రోజూ అన్నీ తుడిచేస్తా ఉండు, చార్జి నిలబడుతుంది" అని నేర్పి పంపినాడు. ఆ ఫోను, తోసివేసినచో పూర్తిగా ఆపివేయు రకము. పెద్దాయన చెప్పిన ప్రకారము రాత్రి రాత్రి తుడుచుట మొదలుపెట్టినారు. మాత్రల గంట ఆగినది. గంట మ్రోగలేదు గనుక వేళ కాలేదని ఆయన నమ్మినారు. కొడుకు పిలిచిన పిలుపు మ్రోగలేదు. నాన్న తొందరగా పండుకొన్నాడని కొడుకు అనుకొన్నాడు. కొడుకు పని తొందరలో ఉన్నాడని తండ్రి అనుకొన్నాడు. నాలుగు దినములు ఇట్లు గడచినవి. ఐదవనాడు పెద్దాయన కళ్ళు తిరిగి అరుగు మీద పడిపోగా పొరుగింటివారు మామూలు కాలు చేసి చెప్పినారు. అది మ్రోగినది. దేవుని దయవల్ల ఆస్పత్రిలో పది దినములుండి కోలుకొన్నారు.

ఇందులో ఎవరిని నిందింపగలము? ఎవరును చెడ్డ చేయదలచలేదు. చార్జి మిగుల్చుకొనుటకు చేసిన పనిలో మాత్రలు పోయినవి, కొడుకు గొంతు పోయినది. మన వంటి వలస కుటుంబములలో తల్లిదండ్రులకును మనకును నడుమ నున్న దారి ఈ ఫోనే. ఆ దారిలో సిగ్నలు దీపము నడుచుచున్న ఒక యాపు. దానిని చెత్త అని ఊడ్చివేయరాదు.

ఇక మూడవ ముక్క. అసలు దేనిని ఆపవలెను?

మొదట, నిలిచిపోయి పలుకని యాపు. తెర కదలకున్నను, నొక్కిన నొక్కు పనిచేయకున్నను, దానిని తోసివేసి మరల తెరచుట సరియైన పనియే. అప్పటికిని వినకున్నచో ఫోర్స్ స్టాప్ నొక్కవచ్చును. తరువాత తప్పక ఒకసారి తెరువవలెను.

రెండవది, బల్ల చాల చిన్నదైన ఫోనులలో తొందర పని ఉన్నప్పుడు. తత్కాల్ టిక్కెట్టు విషయము మీకందరకు తెలిసినదే. ప్రయాణమునకు ముందు దినము ఏసీ తరగతులకు ఉదయము 10 గంటలకు, మిగిలినవానికి 11 గంటలకు తెరచుదురు. 2025 జూలై నుండి ఆన్‌లైనులో తత్కాల్‌కు ఆధారు ఓటీపీ కూడ కావలెను. ఓటీపీ చూచుటకు సందేశముల పేజీకి పోయి తిరిగి వచ్చునప్పటికి, బల్లమీద జాగా చాలక ఫోను టిక్కెట్టు యాపును తీసివేసి ఉండవచ్చును. అప్పుడది మొదటికి వచ్చును. శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులో బెర్తులు అయిపోవును. కనుక 2, 3 జీబీ ర్యామ్ ఉన్నవారు పది గంటలకు ముందే పిల్లల ఆటను, వీడియోను తోసివేసి బల్ల సర్దుకొనుట మంచిది. ఓటీపీ తెర పైభాగమున కనబడినప్పుడే చదువుకొని, టిక్కెట్టు పేజీని విడువకుండుట ఇంకను మంచిది. బ్యాంకు డబ్బు పంపునప్పుడును ఇదే జాగ్రత్త.

మూడవది, మనకు తెలియకుండ నడుచునవి. వీనిని చూచుటకు చీట్ల వరుస పనికిరాదు. 2022లో వచ్చిన పదమూడవ ఆండ్రాయిడ్ నుండి, పైనుండి క్రిందికి లాగు తెరలో అడుగున, ఇప్పుడు నిజముగా వెనుక నడుచుచున్న యాపులెన్నియో చూపు చోటు ఉన్నది. దానిని నొక్కినచో పేర్లును, పక్కన ఆపు నొక్కును కనబడును. అదే నిజమైన హాజరు పట్టీ. దాని తరువాత సెట్టింగ్సులో బ్యాటరీ పుట తెరువుడు. ఏ యాపు ఎంత చార్జి వాడినదో లెక్క ఉండును. మీరు గంటసేపు చూచిన వీడియో పైన ఉండుట న్యాయము. మీరు వారము దినములుగా ముట్టని యాపు పైన ఉన్నచో అది అన్యాయము. దాని పేరు నొక్కి, వెనుక నడుచుటను నిషేధించవచ్చును. ఐఫోనులో బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ అను చోట ఒక్కొక్క యాపునకు ఈ అనుమతి తీసివేయవచ్చును.

నాల్గవది, చెవి, కన్ను, చిరునామా అడుగు యాపులు. 2021లో వచ్చిన పన్నెండవ ఆండ్రాయిడ్ నుండి, ఏ యాపు కెమెరానో, మైకునో వాడుచున్నను తెర మూల ఒక పచ్చ గుర్తు వెలుగును. ఐఫోనులో 2020 నుండి పచ్చ, నారింజ చుక్కలున్నవి. మీరు మాట్లాడనప్పుడు, ఫొటో తీయనప్పుడు ఆ గుర్తు వెలిగినచో ఎవరో తలుపు చాటున నిలిచినట్లే. అప్పుడు ఆ యాపును తోసివేయుట చాలదు. అనుమతులు తీసివేయవలెను, అక్కరలేనిదైతే యాపునే తొలగించవలెను. అప్పులిచ్చెదమని వచ్చి మన ఫోను పుస్తకములోని పేర్లన్నియు అడుగు యాపులకు ఇది మరింత వర్తించును. దొంగను ఇంటిలో ఉంచుకొని రాత్రి రాత్రి వాకిలి ఊడ్చిన ప్రయోజనమేమి?

ఐదవది, శుభ్రము చేసెదమని వచ్చు యాపులు. ఒక్క నొక్కుతో ఫోను వేగము పెంచెదము, చార్జి రెండింతలు చేసెదము అని ప్రకటనలు చూచుచునే ఉందుము. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము దేశ భద్రత దృష్ట్యా 59 యాపులను నిషేధించినప్పుడు ఆ పట్టికలో టిక్‌టాక్ పేరు అందరికిని జ్ఞాపకమున్నది. అదే పట్టికలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, డీయూ బ్యాటరీ సేవర్ మొదలగునవియు ఉన్నవని కొద్దిమందికే తెలియును. ఆ సంగతి అట్లుంచి, 2023లో వచ్చిన పదునాలుగవ ఆండ్రాయిడ్‌లో ఒక మామూలు యాపు ఇతర యాపుల వెనుక పనులను ఆపుటకు వీలు లేకుండ చేసినారు. కనుక ఇట్టి యాపు నేడు చేయగలిగినది తాను వెనుక నడుచుట, మనకు ప్రకటనలు చూపుట. చెత్త ఎత్తుటకు వచ్చినవాడే చెత్త పోసినట్లు.

ఫోను మెల్లగా నడచుటకు ఇంకొక కారణము రికార్డు గది నిండిపోవుట. పండుగల శుభాకాంక్షల బొమ్మలు, ఫార్వర్డు వీడియోలు నిండి ఊపిరాడనప్పుడు ఏ యాపైనను తడబడును. అవి తీసివేయుట నిజమైన ఊడ్పు. దానితోనే చాలమందికి క్రొత్త ఫోను ఖర్చు తప్పును. ఇంటి అద్దె, పిల్లల ఫీజు లెక్క వేసికొను మన సంసారములలో అది చిన్న ఆదాయము కాదు.

ఈ ఉగాదికి ఊరికి పోవువారికి మా విన్నపములు నాలుగు. వ్రాసికొనుడు.

ఒకటి. పెద్దల ఫోనులో వాట్సాప్, మాత్రల గంట, మీరు పిలుచు ఇతర యాపు ఏది ఉన్నను దాని బ్యాటరీ సెట్టింగు తెరచి, హద్దు లేకుండ నడుచునట్లు మార్చుడు. కొన్ని ఫోనులలో చీటీ మీద తాళపు గుర్తు పెట్టుటకు వీలున్నది. అదియు పెట్టుడు.

రెండు. మాత్రలకు వేరే యాపు కన్న, ఫోనుతో వచ్చిన గడియారములోని అలారము ఎక్కువ నమ్మదగినది. అందులో ఉదయము, మధ్యాహ్నము, రాత్రి పెట్టి, మీ ఎదుటనే ఒకసారి మ్రోగించి చూడుడు.

మూడు. పండుకొనబోవు ముందు తుడుచు అలవాటున్నచో కోపపడక మాన్పించుడు. ఎందుకో చెప్పి మాన్పించుడు. "అమ్మా, ఇది తుడిస్తే నా కాలు నీకు వినపడదు" అన్నచో ఏ తల్లియు మరల తుడువదు.

నాలుగు. రెండు దినములు వాట్సాప్‌లో పలుకకున్నచో మామూలు కాలు చేయుడు. పొరుగింటివారి నెంబరు కూడ వ్రాసి ఉంచుకొనుడు. ఏ యంత్రమునకైనను ఒక మనిషి తోడుండవలెను.

మీ సొంత ఫోనుకు వారమునకు ఒక్క ఆదివారము ఐదు నిమిషములు చాలును. బ్యాటరీ పుట చూచుట, వెనుక నడుచువాని పట్టీ చూచుట, ముట్టని యాపులను తొలగించుట, ఫోనును ఒకసారి ఆపి వెలిగించుట. మిగిలిన ఆరు దినములు చీట్లను వాని మానాన ఉండనిచ్చుడు. లోపలి కుర్రవాడు తన పని తాను చేసికొనును.

యువకులకు ఒక మాట. ఈ సంగతులు మాకన్న మీకు బాగుగా తెలియును. కాని తెలిసినవాడు చెప్పకపోవుటచేతనే తెలియనివాడు అంగడిలో కుర్రవానిని అడుగవలసి వచ్చుచున్నది. భోజనముల తరువాత అరగంటసేపు ఈ హాలులోనే ఒక బల్ల వేసికొని కూర్చుండుడు. పెద్దలు తమ ఫోనులు తెచ్చి చూపించుకొందురు. రహస్యపు అంకెలు అడుగవలదు, వారి చేతనే నొక్కించుడు. చెప్పుటలో ఓపిక ఉండవలెను. మనకు అక్షరములు దిద్దించునప్పుడు వారు చూపిన ఓపికలో సగమైనను చాలును.

ఫోనులో నడుచు ప్రతి పనికిని వెల ఉన్నది. ఆపిన ప్రతి పనికిని వెల ఉన్నది. దేనికెంత అని తెలిసికొని వ్యయము చేయువానికి ఏ రాశియైనను ఆదాయము తగ్గదు.  మీకందరకు, ఊరిలో మీ కాలు కొరకు ఎదురు చూచువారందరకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.

స్వస్తి.